వెనక వరుస, నడిమి సీటు

మా యారాలు, అంటే మా ఆయన అన్న భార్య, ఎట్లాంటిదని ఎవరైనా అడిగితే మంచిదే అంటాను. క్రిస్మస్‌కు చీర పెడుతుంది. ఇంట్లో ఎవరికైనా జ్వరమొస్తే దవాఖానకు కారు పంపుతుంది. ఆమె మీద నాకున్న పగ పైకి కనిపించేది కాదు. అది ఢిల్లీ పోయే విమానంలో పుట్టింది. పుట్టిన దగ్గర్నుంచి దాన్ని నేను మంచిగానే సాకాను.

మాది గోదావరిఖని. మా మామ బొగ్గు బాయిలో పనిచేసి పనిచేసి ఊపిరి ఆడని స్థితికి వస్తే డాక్టర్లు ఇక పనికి పనికిరాడని తేల్చేశారు. కంపెనీ పద్ధతి ప్రకారం ఆ ఉద్యోగం కొడుకుల్లో ఒకరికి వస్తుంది. పెద్ద కొడుకు అప్పటికి మైనింగ్ డిప్లొమా చదువుతున్నాడు. ఇల్లు గడవాలి, ఆ చదువూ సాగాలి. చిన్నవాడైన మా ఆయన ఇంటర్ మధ్యలో ఆపేసి తండ్రి స్థానంలో బాయిలోకి దిగాడు. అన్న చదువు ముగించి అదే కంపెనీలో ఆఫీసరయ్యాడు. ఇప్పుడు మా బావ వాళ్ళది చుట్టూ మామిడి చెట్లున్న బంగళా. మాది రెండు గదుల క్వార్టరు. ఈ సంగతి గురించి మా ఆయన ఏనాడూ ఒక్క మాట అనలేదు. ఆయనకు అన్న అంటే ప్రాణం. ఆయన అనని మాట నేనెందుకు అనాలని నేనూ ఊరుకునేదాన్ని.

కొన్నేళ్ళ కింద మా ఆడబిడ్డ ఢిల్లీలో ఇల్లు కొనుక్కుంది. కొత్త ఇంట్లో ప్రార్థన పెట్టుకున్నాం, అందరూ రావాలని పిలిచింది. మామకు ఆ చలి పడదని ఆయనా అత్తమ్మా ఇంటి దగ్గరే ఉండిపోయారు. మిగిలిన ఎనిమిది మందికి బావ ఒకేసారి టికెట్లు తీశాడు. వాళ్ళు నలుగురు: బావ, యారాలు, ఇంటర్ చదివే కొడుకు, తొమ్మిదో తరగతి కూతురు. మేము నలుగురం: మేమిద్దరం, అయిదేళ్ళ పాప, మూడేళ్ళ బాబు. మాలో ఎవరమూ అంతకుముందు విమానం ఎక్కలేదు. నేను భూమి కిందికి పోవుడే గాని పైకి పోయింది లేదని మా ఆయన దోస్తులకు చెప్పి నవ్వుకున్నాడు. పాప బడిలో అందరికీ చెప్పేసింది. ఆ బడిలోనే చిన్న తరగతులకు నేను పాఠాలు చెబుతాను కాబట్టి మిగతా టీచర్లు కూడా వచ్చి నన్ను అడిగారు.

బయలుదేరే ముందు రోజు యారాలు ఫోను చేసింది.

"మేము సీట్లు పైసలు కట్టి తీసుకున్నం. మీకు ఉత్తగనే ఇచ్చేటియి తీసుకున్న. చిన్న పిల్లలున్నరు గదా, వాళ్ళే పక్కపక్కకు ఇస్తరు. ఫికర్ చెయ్యకు."

నేను ఫికర్ చెయ్యలేదు. విమానంలో సీట్లంటే బస్సులో సీట్ల లాంటివే, ఎక్కినాక సర్దుకోవచ్చు అనుకున్నాను.

శంషాబాద్‌లో కౌంటరు దగ్గర సామాను తూకం వేసి బోర్డింగ్ కార్డులు ఇచ్చాక, వాటి మీద అంకెలు చూసి మా ఆయనే అడిగాడు, ఇవి దూరం దూరం ఉన్నట్టున్నాయే అని. నలుగురివీ నాలుగు వేరు వేరు వరుసలు. కౌంటరులో ఉన్న అబ్బాయి తెర వైపు చూసి, "ఇవి నిన్న మీవాళ్ళే మార్చుకున్నట్టు ఉంది మేడం. ఇప్పుడు ఫ్లైట్ నిండిపోయింది. లోపల సిబ్బందిని అడగండి," అన్నాడు. మార్చుకోవడం ఏమిటో నాకు అర్థం కాలేదు. వెనక క్యూ పెరుగుతోంది. ముందుకు జరిగాం.

లోపల నిజంగానే నిండిపోయింది. ఎయిర్‌హోస్టెస్ మంచి అమ్మాయి, పాపం చాలా తిరిగింది. ఒక కాలేజీ పిల్లవాడు లేచి తన సీటు ఇచ్చాడు. దాంతో బాబూ వాళ్ళ నాన్నా వెనక ఒకచోట కూర్చున్నారు. మిగిలింది పాప. దాని సీటు నాకు చాలా వరుసల వెనక, ఇద్దరు మగవాళ్ళ మధ్య. నాది కూడా నడిమి సీటే. కిటికీ పక్క సీటో దారి పక్క సీటో వదులుకుని నడిమి సీటుకు ఎవరొస్తారు? అడిగినవాళ్ళందరూ తలలు తిప్పుకున్నారు. వాళ్ళ మీద నాకు కోపం లేదు. వాళ్ళెవరో, మేమెవరమో.

నేను పాప చెయ్యి పట్టుకుని ముందుకు పోయాను. ముందు వరుసల్లో యారాలు, ఆమె పిల్లలిద్దరూ ఒకవైపు, దారికి అటువైపు బావ.

"అక్కా, జర పెద్దోణ్ణి పాప సీట్లకు తోలియ్యి. పాప నీ పక్కన కూసుంటది. నేను ఎట్లనో గట్ల కూసుంట," అన్నాను.

ఆమె బెల్టు సర్దుకుంటోంది. "వాడు కిటికీ కాడ కూసుంటనని మొదటిసంది అంటున్నడు. రెండు గంటలే గదా. పండుకుంటది తియ్యి."

"అది పండుకోదు అక్కా. భయపడుతది."

"భయపడితేనే అలవాటైతది."

"నేను పోత మమ్మీ," అని ఆమె కొడుకు సగం లేచాడు. ఆమె వాడి మోకాలి మీద చెయ్యి వేసి నొక్కింది. వాడు కూర్చున్నాడు. నేను బావ వంక చూశాను. చదువుకునేటప్పుడు తమ్ముడి జీతంతో పుస్తకాలు కొనుక్కున్న మనిషి. సీటు సంచిలో ఉండే రంగుల పుస్తకం చేతిలో పట్టుకుని ఉన్నాడు. పేజీ తిప్పాడు.

అందరూ కూర్చోవాలని మైకులో చెప్పారు. పాపను తీసుకుపోయి దాని సీట్లో కూర్చోబెట్టి, బెల్టు పెట్టి, తల మీద బెల్టు దీపం ఆరగానే వస్తానని చెప్పాను. అది ఏడవలేదు. నా చున్నీ కొస పట్టుకుంది. వేళ్ళు ఒక్కొక్కటిగా విప్పి వచ్చాను.

విమానం లేచేటప్పుడు "అమ్మా" అని ఒక్క కేక వినిపించింది. తర్వాత ఏమీ వినిపించలేదు. ఆ ఏమీ వినిపించకపోవడం తట్టుకోలేక నేను బెల్టు విప్పబోతే పక్కనున్న పెద్దమనిషి వద్దని చెయ్యి అడ్డం పెట్టాడు. దీపం ఆరేదాకా నేను ఆ కుర్చీలో ఎట్లా కూర్చున్నానో నాకే తెలుసు. ఆరగానే వెనక్కి ఉరికాను. పాప రెండు చేతులూ తొడల మధ్య పెట్టుకుని కూర్చుని ఉంది. గౌను తడిసిపోయింది. సీటూ తడిసింది. పక్కాయన లేచి దారిలో నిలబడి ఉన్నాడు.

"అంకుల్‌ను లెవ్వుమని అడగాల్నంటే సిగ్గయింది," అంది నా చెవిలో.

ఆ ఇరుకు బాత్రూములో దాని బట్టలు విప్పి, వేరే గౌను సామాన్ల పెట్టెలో ఉండిపోయింది కాబట్టి, నా చున్నీ చుట్టాను. ఢిల్లీలో దిగేటప్పుడు అది అట్లాగే చున్నీలో దిగింది. వారం నుంచి దాచుకున్న పసుపుపచ్చ గౌను తడి సంచిలో ఉంది.

ఇంతవరకైతే నేను మరిచిపోయేదాన్నేమో. ఆ సాయంత్రం ఆడబిడ్డ ఇంట్లో ఇరుగుపొరుగు వాళ్ళు, వాళ్ళ సంఘం వాళ్ళు చాలామంది వచ్చారు. ప్రయాణం ఎట్లా జరిగిందని ఎవరో అడిగారు. యారాలు నవ్వుతూ చెప్పింది.

"మేము మంచిగనే వచ్చినం. వీళ్ళ బిడ్డనే ఇమానంల పోసుకున్నది. అయిదేండ్లొచ్చినయి, ఇంకా అలవాటు కాలే."

అందరూ నవ్వారు. చెడ్డగా నవ్వలేదు, పిల్లల ముచ్చటకు నవ్వినట్టే నవ్వారు. పాప అక్కడే ఉంది. మెల్లగా తలుపు వెనక్కి పోయి నిలబడింది. అన్నానికి పిలిస్తే రాలేదు. ఎత్తుకుని తెచ్చి నోట్లో పెడితే నమలకుండా బుగ్గన పెట్టుకుంది.

పడుకునే ముందు మా ఆయనతో అన్నాను, "మీ వదినె మాట ఇన్నరా?"

"ఇన్న. ఇడిసిపెట్టు. చిన్న ముచ్చట."

"చిన్న ముచ్చటనా?"

"వచ్చింది చెల్లె ఇంటికి. లొల్లి చేసుకుంటమా?" అని ఆయన అటు తిరిగాడు.

మరునాడు మేడ మీద ఎండలో యారాలి కూతురికి జడ వేస్తున్నాను. ఆ పిల్ల మనసులో ఏదీ దాగదు. "చిన్నమ్మా, ఒకటి చెప్త, మమ్మీకి చెప్పద్దు," అంది. చెప్పనన్నాను. "మీకు మొదలు మా ఎనుక సీట్లే వచ్చినయి. నలుగురికి ఒక్క కాణ్ణే. మమ్మీ మార్చింది. పిల్లలు ఎనుకనుంచి సీటు తంతరు, ఏడుస్తరు, నిద్ర ఉండదన్నది. నేను వద్దన్న. ఇనలే."

జడ అల్లడం ఆపలేదు. చివరికి రబ్బరు బ్యాండు పెట్టి, వీపు మీద తట్టి పొమ్మన్నాను. ఆ పిల్ల కిందికి పోయాక కూడా నేను దువ్వెన పట్టుకుని అక్కడే కూర్చున్నాను. తోచక చెయ్యడం వేరు. సోమరితనంగా వదిలెయ్యడం వేరు. నా పిల్లలు పరాయివాళ్ళ మధ్య చెల్లాచెదురు కావాలని ఫోను చేతిలో పట్టుకుని, మంచి సీట్లు తీసి చెడ్డవి పెట్టడం వేరు. ఆ పని చేసి మళ్ళీ నాకు ఫోను చేసి ఫికర్ చెయ్యకు అంది.

చర్చి ఆదివారం బడిలో పిల్లలకు నేను క్షమించడం గురించి చెబుతుంటాను. పగ మనుషుల పని కాదని ఫ్లానెల్ బోర్డు మీద బొమ్మలు అతికించి మరీ చెబుతాను. తర్వాత నేను ఒక పని చేసినప్పుడు అదంతా గుర్తుంది. గుర్తుండే చేశాను.

తిరుగు ప్రయాణం సీట్లు ఇంకా ఎవరూ తీసుకోలేదు. బయలుదేరే ముందు రోజు చూసుకుందామని యారాలు అనడం విన్నాను. టికెట్టు మాత్రం అందరిదీ ఒకటే. బావ దాన్ని ఇదివరకే మా ఆయన ఫోనుకు పంపాడు. ఫోనులో సీట్లు ఎంచుకునే చెకిన్ ఎప్పుడు తెరుచుకుంటుందో చదివి తెలుసుకున్నాను. ఆ సమయానికి వంటింట్లో అందరూ పూరీలు చేస్తుంటే, తలనొప్పి అని చెప్పి, ఆయన ఫోను తీసుకుని గదిలోకి పోయి గడియ పెట్టుకున్నాను.

తెర మీద విమానం బొమ్మ వచ్చింది. గళ్ళు గళ్ళుగా సీట్లు. ముందు మావి తీసుకున్నాను. ముందు వైపు ఒకే వరుసలో మూడు, దారికి అటువైపు ఒకటి. శాలువా కొందామని దాచుకున్న డబ్బు వాటికే పోయింది. అక్కడ ఆగి ఉంటే నాది న్యాయం అయ్యేది. నేను ఆగలేదు.

యారాలి పేరు నొక్కాను. వేలు వెనక్కి జరుపుతూ పోయాను. చిట్టచివరి వరుస, నడిమి సీటు, బాత్రూము పక్కన. ఆ వరుస సీట్లు వెనక్కి వాలవని అక్కడే చిన్న అక్షరాల్లో ఉంది. దాన్నిచ్చాను. ఆమె కొడుకు ఆ రోజు లేవబోయాడు కాబట్టి వాడికి మధ్యలో ఎక్కడో మామూలు సీటు. కూతురికి కిటికీ పక్కన మంచి సీటు. బావ గురించి కొంచెంసేపు ఆలోచించాను. ఆయన నాకు ఏ చెడూ చెయ్యలేదు, ఏ మంచీ చెయ్యలేదు. ఆయన వెనక సీట్లలో చిన్న పిల్లలున్న కుటుంబం ఏదైనా కూర్చుంటే బాగుండునని కోరుకుంటూ ఆయనకు కూడా వెనకవైపు నడిమి సీటే ఇచ్చాను. తర్వాత అందరివీ ఖాయం చేసే మీట నొక్కి, మొహం కడుక్కుని వెళ్ళి పూరీలు వత్తాను. ఆ రోజు నా పూరీలు బాగా పొంగాయని ఆడబిడ్డ అంది.

మరునాడు యారాలు ఫోను పట్టుకుని కూర్చుంటే దగ్గరికి పోయి చెప్పాను. "అందరికి నేనే చేసిన అక్కా. నీకెందుకు తకలీఫ్ అని."

"నీకు వచ్చునా?" అని ఆశ్చర్యపోయింది. మెచ్చుకుంది కూడా. సీట్లు ఎక్కడెక్కడ అని అడగలేదు. నేను ఆమె సీటు చెడగొడతానని ఆమె ఊహకు రాలేదు. ఆమె లెక్కలో నేను అంత మనిషిని కాదు.

ఢిల్లీ విమానాశ్రయంలో బోర్డింగ్ కార్డు చేతికొచ్చాక చూసుకుంది. ఒకసారి చూసింది. పిల్లలవి లాక్కుని చూసింది. తర్వాత నన్ను చూసింది. నేను చూపు తిప్పుకోలేదు. ఆమె కౌంటరుకు పోయి చాలాసేపు మాట్లాడింది. విమానం నిండిపోయిందని చెప్పినట్టున్నారు, ఎర్రబడిన మొహంతో తిరిగొచ్చింది. బావ ఏమైందని అడిగితే ఏమీ లేదంది.

విమానంలో పాప కిటికీ పక్కన, నేను మధ్యలో, బాబు నా ఇటుపక్క, దారికి అవతల మా ఆయన. బెల్టులు పెట్టుకున్నాం. యారాలు సంచి పట్టుకుని మా వరుస దగ్గర ఆగింది.

"మరిదీ, నాకు ఆడ ఎనుక ఊపిరాడదు," అంది మా ఆయనతో. నా వైపు చూడలేదు.

మా ఆయన అప్పటికే బెల్టు విప్పి లేస్తున్నాడు. "మీరు గిక్కడ కూసోండ్రి వదినె. నేను పోత. నాకేంది, ఎక్కడైనా ఒకటే."

నిజమే, ఆయనకు ఎక్కడైనా ఒకటే. చదువు వదిలినప్పుడూ అంతే, బాయి దిగినప్పుడూ అంతే. నేను బాబు మీదుగా వంగి, దారి దాటి చెయ్యి చాచి ఆయన చొక్కా పట్టుకున్నాను.

"కూసో," అన్నాను.

పెళ్ళయిన ఇన్నేళ్ళలో నలుగురి ముందు ఆయనను నువ్వు అన్నది లేదు. ఆయన నన్ను చూశాడు. నా మొహంలో ఏం కనిపించిందో గాని మెల్లగా కూర్చున్నాడు. బెల్టు పెట్టుకున్నాడు. యారాలు, వెనక ఎక్కేవాళ్ళు దారి అడుగుతుంటే నడుచుకుంటూ పోయింది.

విమానం పైకి పోయాక పాప కిటికీకి ముక్కు ఆనించి మబ్బులు చూసింది. బాబు నా ఒళ్ళో కాళ్ళు పెట్టి నిద్రపోయాడు. నేను ఆ సుఖంలో ఉండిపోవచ్చు. ఉండలేకపోయాను. నాకు అవసరం లేకపోయినా బాత్రూముకని లేచి వెనకదాకా నడిచాను. ముందువైపు కూడా ఒకటుంది, అటు పోలేదు. చివరి వరుసలో ఇద్దరు భారీ మనుషుల మధ్య యారాలు చేతులు రెండూ ఒళ్ళో ముడుచుకుని కూర్చుని ఉంది. బాత్రూము క్యూలో నిలబడ్డవాళ్ళు దారి పక్కాయన మీదికి ఒరుగుతుంటే ఆయన ఆమె మీదికి ఒరుగుతున్నాడు. తలుపు తెరిచినప్పుడల్లా వాసన. ఆమె కళ్ళు మూసుకుని ఉంది. నేను క్యూలో నా వంతు వచ్చేదాకా నిలబడి, లోపలికి పోయి చేతులు కడుక్కుని వచ్చాను.

దిగే ముందు మళ్ళీ ఒకసారి పోయాను. ఈసారి ఆమె కళ్ళు తెరిచే ఉన్నాయి.

"కడుపు నిండిందా?" అంది మెల్లగా.

"ఇంకా నిండలే అక్కా. మా సీట్లు నువ్వు మార్చినవని పోయేటప్పుడు కౌంటర్ల పిల్లగాడు చెప్పిండు."

అబద్ధమేమీ కాదు. ఆమె కూతురు పేరు బయటికి రానివ్వకూడదని అట్లా చెప్పాను. యారాలు మెడ మీద చెమట తుడుచుకుంది. అప్పుడు నిజంగా నా కడుపు నిండింది. అంత తృప్తి నాకు జీవితంలో చాలా తక్కువసార్లు కలిగింది.

ఇంటికి వచ్చాక మా ఆయన చాలా రోజులు నాతో ముక్తసరిగా మాట్లాడాడు. షిఫ్టుకు పోయేవాడు, వచ్చేవాడు, పిల్లలతో ఆడేవాడు. ఒక రోజు స్నానం చేసి వచ్చి, తల తుడుచుకుంటూ, "వదినెను గట్ల నిలవెట్టి పంపుడు మంచిగ లేకుండె," అన్నాడు. అప్పుడు చెప్పాను, సీట్లు మార్చిన సంగతి. పిల్ల చెప్పిందని కూడా చెప్పాను. ఆయన తువ్వాల భుజాన వేసుకుని వాకిట్లో కూర్చున్నాడు. ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ జరిగి కిటికీలు అదిరాయి. "అన్నకు తెలుసునా?" అని అడిగాడు. నాకు తెలియదన్నాను. ఆ ప్రశ్న ఆయన మళ్ళీ ఎవరినీ అడగలేదు. కానీ అప్పట్నుంచి ఆదివారాలు అన్న బంగళాకు పోయి తోట పని చేసిపెట్టడం మానేశాడు. ఎందుకు రావడం లేదని బావా అడగలేదు.

రాకపోకలు తెగిపోలేదు. పెళ్ళిళ్ళలో కలిసేవాళ్ళం. చీరలు ఇచ్చిపుచ్చుకునేవాళ్ళం. ఆమె నాతో జాగ్రత్తగా మాట్లాడేది. నేనూ అంతే.

పోయిన ఎండాకాలం ఆమె ఒక్కతే మా క్వార్టరుకు వచ్చింది. ఎప్పుడూ కారు పంపడమే తప్ప తాను రాని మనిషి. వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీ వేశాను. కూలరు ఆమె వైపు తిప్పాను. వాళ్ళమ్మకు మతిమరుపు వచ్చిందని నాకు తెలుసు. బెంగళూరులో పెద్ద డాక్టరుకు చూపించడానికి ఉన్నట్టుండి తీసుకుపోయిందట.

"జల్ది జల్దిగ టికెట్లు తీస్తే సీట్లు దూరం వచ్చినయి," అంది. "ఎవ్వలను అడిగినా లెవ్వలే. అమ్మ ఆడ ఒక్కతే కూసున్నది. నేనెక్కడున్ననో, తానెక్కడున్నదో తెల్వక ఏడ్సుడు పెట్టింది. నా పేరు పెట్టి పిలుస్తనే ఉన్నది. బెల్టు ఇప్పనియ్యలే నన్ను."

ఆమె ఆగింది. నాకు జాలి కలిగింది. అయితే మొదట కలిగింది జాలి కాదు.

"అప్పుడు నీ బిడ్డ యాదికొచ్చింది," అంది. "దాన్ని పిలువు. ఒక మాట చెప్పాలె."

పాప లోపల బొమ్మలకు రంగులు వేస్తోంది. పిలిస్తే వచ్చింది. ఇప్పుడది పొడుగైంది, ముందు పళ్ళు కొత్తవి వచ్చాయి. యారాలు దాని చెయ్యి పట్టుకుంది.

"బిడ్డా, ఇమానంల నిన్ను ఒక్కదాన్నే కూసోబెట్టింది నేనే. నువ్వు ఆగమైతే అందరి ముంగట నవ్విన. నాది తప్పు."

పాప ఆమె మొహం చూసింది, నా మొహం చూసింది. "ఎప్పుడు పెద్దమ్మా? నేను కిటికీ కాడ కూసున్న. మబ్బులు చూసిన."

దానికి నిజంగానే గుర్తులేదు. యారాలి మొహం ఒక్కసారిగా తేలికపడడం చూశాను. ఇక అయిపోయింది అనుకున్నట్టు పాప తల నిమిరి, నవ్వబోయింది. పాప రంగుల దగ్గరికి ఉరికింది.

"దానికి యాదికి లేదు అక్కా," అన్నాను. "నాకున్నది."

ఆమె నవ్వు ఆగిపోయింది. కొంగు సర్దుకుంది. "నీకు కూడ చెప్తున్న," అంది నేల వైపు చూస్తూ. "నేనే మార్చిన."

"తెలుసు," అన్నాను.

క్షమించానన్న మాట నా నోట రాలేదు. రప్పించాలని నేను ప్రయత్నించనూ లేదు. ఆమె లేచి సంచి తీసుకుంది. చాయ్ తాగుతావా అక్కా అన్నాను. వద్దంది. రెండోసారి అడగలేదు.